ఊపిరి తీసుకునే చోటు

టోర్విక్ ఊళ్లో మాజీ సైనికుడు ఎవరైనా పోతే రెండు ఉండి తీరాలి. చర్చి కింది హాల్లో హామ్ శాండ్‌విచ్‌లు, సమాధి దగ్గర బ్రిట్టా ట్రంపెట్. మొదటిదానికి ఆ ఊరి ఆడవాళ్లు ఏనాడూ లోటు రానివ్వలేదు. రెండోదానికి లోటు తెచ్చినవాడు ఆ పిల్ల కన్నతండ్రే, డేల్ నైగార్డ్. ఆ మాట ఎవరూ అతని మొహం మీద అనలేదు. టోర్విక్‌లో ఎవరూ ఎవరి మొహం మీదా ఏదీ అనరు. మంచు ఎప్పుడు పడుతుందో మాట్లాడుకుని, టోపీ సర్దుకుని వెళ్లిపోతారు. అందుచేత ఆ మాట డేల్ తనకు తనే చెప్పుకోవలసి వచ్చింది. ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నాడు.

సమాధుల దగ్గర సైనిక వందనం చేసే ఆ ఊరి గౌరవ దళానికి పెద్ద హంగేమీ లేదు. మోకాళ్లు అరిగిన కొందరు ముసలివాళ్లు, బొత్తాలు పెట్టుకోవడానికి పొట్ట అడ్డొచ్చే కోట్లు, వాళ్లకంటే పాతవైన తుపాకులు. అందులో కుర్రాడు డేలే, అతనికీ నడివయసు వచ్చేసింది. దళానికి పెద్ద ఓర్విల్ హాగెన్. వియత్నాం నుంచి సార్జంటుగా తిరిగొచ్చి, మిగతా బతుకంతా పాడి ఆవుల మధ్య గడిపినవాడు. సమాధి దగ్గర ముందు తుపాకులు పేలతాయి. ఆ పొగ పోకముందే ట్యాప్స్ వాయించాలి. సైన్యంలో పొద్దు ముగిసిందని చెప్పే చిన్న పాట అది. సైనికుణ్ని మట్టిలోకి దించేటప్పుడూ అదే పాట.

వాయించేవాళ్లు దొరక్క, మాజీ సైనికుల హాలు వాళ్లు ఎప్పుడో ఒక డబ్బా బ్యూగిల్ తెప్పించారు, సైన్యంలో ఊదే బాకాకి నకలు. చూడ్డానికి అసలుదానిలాగే ఉంటుంది. లోపల చిన్న స్పీకరు. పెదాలకు ఆనించుకుని బటన్ నొక్కితే పాట దానంతటదే వస్తుంది. బుగ్గలు పొంగించి నిలబడితే చాలు. ఓర్విల్‌కు దాన్ని చూస్తేనే ఒళ్లు మండేది. "దీన్ని నా పెట్టె దగ్గరికి తెచ్చారో, మూత తీసుకుని లేచొస్తా" అనేవాడు.

బ్రిట్టా ఇంకా పూర్తిగా ఎదగని పిల్లగా ఉన్నప్పుడే ఆ డబ్బాను అలమరలోకి తోసేసింది. గొప్ప వాయిద్యగత్తె అని కాదు. పాటలో పైస్వరం ఒకటుంది, అక్కడికి వచ్చేసరికి ఆమె ట్రంపెట్ గొంతు చిన్నగా పగిలేది. చలికాలమైతే మరీను. విచిత్రమేమిటంటే, సమాధి చుట్టూ ఉన్నవాళ్లు అప్పటిదాకా బిగబట్టుకుని, సరిగ్గా ఆ పగిలిన చోటే ఏడ్చేవాళ్లు. గడ్డకట్టే చలిలో ట్రంపెట్ మూతి పెదవికి అతుక్కుపోతుంది. అందుకని డేల్ ఆ మూతిని విడదీసి, కోటు జేబులో పిడికిట పట్టుకుని వెచ్చబెట్టేవాడు. వరుసలో నిలబడే ముందు కూతురి చేతిలో పెట్టేవాడు.

"వెచ్చగా ఉందా?"

"ఉంది నాన్నా."

తండ్రీకూతుళ్ల మధ్య అంతకుమించి మాటలుండేవి కావు. అవసరమూ పడేది కాదు.

ఆ ట్రంపెట్ మోజు ఎప్పటిదో డేల్‌కు బాగా తెలుసు. అతను ఇరాక్ నుంచి తిరిగొచ్చిన రోజు బస్సు ఊళ్లోకి రాగానే రోడ్డుకు ఇరుపక్కలా బడిపిల్లలు జెండాలు పట్టుకుని నిలబడ్డారు. మిసెస్ కల్‌బర్గ్ టీచర్ బ్యాండు చలికి ముక్కులు ఎర్రబడి, సగం స్వరాలు తప్పుతూ వాయించింది. అంతకాలం తర్వాత కనబడ్డ తండ్రి మెడ పట్టుకుని, ఒకటో తరగతి బ్రిట్టా అన్న మొదటి మాట "నాన్నా, ఆ బంగారు గొట్టం నాక్కావాలి." ఆ క్షణం నుంచీ టోర్విక్ బడి అంటే డేల్‌కు ఇటుకలూ కిటికీలూ కాదు. దాని జోలికి ఎవరొచ్చినా అతనికి తన ఇంటి తలుపు తన్నినట్టుండేది.

ఆ బడికి కష్టకాలం వచ్చింది. పిల్లలు తగ్గిపోయారు. మిసెస్ కల్‌బర్గ్ రిటైరైతే ఊరు ఓట్లేసి ఎన్నుకునే బడి బోర్డు ఆ ఉద్యోగాన్ని ఖాళీగా వదిలేసింది. బ్యాండు గదిలో కుస్తీ పట్టే పిల్లల పరుపులు పేర్చారు. పెద్ద తరగతుల్ని పక్క ఊరు హార్లో బడిలో కలిపేద్దామన్న మాట బయల్దేరింది. హార్లో అంటే టోర్విక్ వాళ్లకు పడదు. ఎందుకు పడదో సరిగ్గా ఎవరికీ తెలీదు, ఏదో ఒక శుక్రవారం ఫుట్‌బాల్‌లో చిత్తుగా ఓడిపోయి ఉంటారు.

పెట్రోలు బంకులో పొద్దున్నే కాఫీ తాగే ముసలివాళ్ల బల్ల దగ్గర ఓర్విలే ముందుగా అన్నాడు. "ఒరేయ్ డేల్, బోర్డుకి నువ్వు నిలబడరా. మా మాట ఎవడు వింటాడు? పిల్లలు ఎప్పుడో పెద్దైపోయినవాళ్లం. నీకు బళ్లో పిల్ల ఉంది, ఒంటిమీద యూనిఫారం ఉంది, పళ్లు కూడా ఉన్నాయి."

"నాకు ఉపన్యాసాలు రావు సార్జంట్."

"వచ్చినవాళ్లు వెలగబెట్టింది చూశాంగా."

డేల్ నవ్వేసి ఊరుకున్నాడు గానీ ఆ మాట అతన్ని పట్టుకుంది. నిలబడదామని మనసులో అనుకున్న వారమే, భోజనాల బల్ల దగ్గర బ్రిట్టా నోరు విప్పింది. అప్పుడు వేసవి సెలవులు. ఆమెకు బడిలో ఇంకా రెండేళ్ల చదువు మిగిలి ఉంది.

"నాన్నా, నేను హార్లో బడికి వెళ్తా. అక్కడ బ్యాండు ఉంది. ఆ మాస్టారు వాళ్ల బాబాయి అంత్యక్రియల్లో నేను వాయించింది విన్నాడంట. మొదటి ట్రంపెట్ కుర్చీ నాకే ఇస్తానన్నాడు. బస్సు కూడా మన రోడ్డు మీదుగానే వెళ్తుంది. నువ్వు సరే అంటే చాలు."

ఆ పిల్ల కళ్లు వెలిగిపోతున్నాయి. డేల్ వాటిని చూశాడు. చూసి కూడా తన గోల తను మొదలుపెట్టాడు.

"బడిని కాపాడతానని నేను బోర్డుకి నిలబడుతున్నా తల్లీ. నా కూతురే హార్లో బస్సెక్కితే ఊళ్లో ఏమనుకుంటారు?"

"నిలబడుతున్నావా? ఎప్పుడనుకున్నావు?"

"ఇదిగో, ఈ వారమే. ఎన్నిక జరిగే నవంబరు దాకా ఆగు. గెలిస్తే మొట్టమొదట చేసే పని బ్యాండుకి టీచర్ని తేవడం. ఓడిపోయాననుకో, మర్నాడే నేనే నిన్ను హార్లోలో దింపొస్తా."

బ్రిట్టా చాలాసేపు ఫోర్కుతో బంగాళాదుంపలు కెలికింది. "నవంబరు దాకానేగా?"

"నవంబరు దాకానే."

ఇద్దరూ బల్ల మీదుగా చెయ్యీ చెయ్యీ కలిపారు. డేల్ భార్య మార్లా గిన్నెలు తీస్తూ అది చూసి, "కన్నపిల్లతో ఈ ఒప్పందాలేంటయ్యా? అదేమైనా నీ పటాలమా?" అంది. డేల్‌కు అది మెచ్చుకోలులాగే వినబడింది.

ఎన్నిక హడావిడి మొదలైంది. ఇళ్ల ముందు గడ్డిలో బోర్డులు పాతారు. వాటి మీద అతని పేరు, కింద "దేశానికి నిలబడ్డాడు, బడికీ నిలబడతాడు" అన్న ముక్క. ఊరి పరేడ్‌లో డేల్ పికప్ ట్రక్కు నడుపుతుంటే వెనక గడ్డిమోపు మీద కూచుని బ్రిట్టా ట్రంపెట్ వాయించింది. సాయంత్రాలు ఆమెను వెంటబెట్టుకుని గుమ్మం గుమ్మం ఎక్కాడు. తలుపు తీసినవాళ్లు అతనివైపు చూసేవాళ్లు కాదు.

"నువ్వేనా తల్లీ, మా ఆయనకి వాయించింది?" అని అడిగేవాళ్లు. "లోపలికి రండి. కాఫీ ఉంది, నిన్నటి లెమన్ బార్ మిఠాయి కూడా ఉంది." అక్కడితో ఆ ఇంటి ఓటు ఖాయమైపోయేది.

ఆ ఓట్లు తన మొహం చూసి రావడం లేదని డేల్‌కు తెలుసు. తెలిసే ఆమెను ప్రతి గుమ్మానికీ తిప్పాడు. ఇంటికొచ్చాక బ్రిట్టా కింది గదిలో వాషింగ్ మెషీన్ పక్కన కుర్చీ వేసుకుని ఒక్కతే సాధన చేసేది. బ్యాండంటే నలుగురి మధ్యలో కూచుని వాయించేది. ఒక్క ట్రంపెట్ ఎంతసేపని తనతో తను మాట్లాడుకుంటుంది? సెప్టెంబరులో గంటసేపు వినబడిన చప్పుడు అక్టోబరుకు అరగంటకు దిగింది. డేల్ అప్పటికి పైన ఫోన్లో మునిగి ఉండేవాడు.

అక్టోబరులో బడి జిమ్‌లో అభ్యర్థుల సభ పెట్టారు. కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. రైతులు మొక్కజొన్న దుమ్ముతోనే వచ్చి చెక్క మెట్ల మీద కూచున్నారు. డేల్‌కు పోటీగా నిలబడింది మందుల షాపు నోరా ఎల్స్‌టాడ్. చుట్టూ తిప్పకుండా మాట్లాడే మనిషి.

"నాకూ ఈ బడంటే ప్రాణమే," అందామె. "నేనూ ఇక్కడే చదివాను. కానీ పెద్ద తరగతుల పిల్లలకి మనం ఫిజిక్స్ చెప్పలేకపోతున్నాం, బ్యాండు పెట్టలేకపోతున్నాం. హార్లోలో రెండూ ఉన్నాయి. మన పట్టింపు కోసం పిల్లల్ని ఎందుకు ఆపాలి?"

ఎవరో వెనకనుంచి "అయితే హార్లో జెర్సీ వేసుకురా!" అని అరిస్తే జనం గొల్లున నవ్వారు. నవ్వులు తగ్గాక సభ నడిపే పాస్టరు, జనం రాసిచ్చిన ప్రశ్నల్లోంచి ఒకటి చదివాడు. "ఇది డేల్‌కి. మీ అమ్మాయి హార్లో బడికి వెళ్లాలనుకుంటోందని విన్నాం. నిజమేనా?"

చిన్న ఊరు. బ్రిట్టా ఎవరో స్నేహితురాలితో అనే ఉంటుంది. డేల్ తల తిప్పి చూశాడు. ఆమె రెండో వరుసలోనే ఉంది, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని. నాన్న ఏం చెబుతాడా అని తల కొంచెం పక్కకు వాల్చి చూస్తోంది. ఉన్నదున్నట్టు చెబితే ఏమయ్యేది? అవునండీ, వెళ్లాలనుకుంటోంది, బ్యాండు కోసం. నవంబరు దాకా ఆగమన్నాను. ఇంతే కదా. కొన్ని ఓట్లు పోయేవి. పోతే పోయేవి! ఆ తర్వాత డేల్ ఈ జవాబును ట్రాక్టరు మీద, స్నానం చేస్తూ, చర్చిలో ప్రార్థన మధ్యలో ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు. ఆ సాయంత్రం మాత్రం మైకు పట్టుకుని వేరే మాట అన్నాడు.

"సైన్యంలో ఒక పద్ధతుంది. మనవాళ్లని ఎవర్నీ వెనక వదిలేసి రాం. నా కూతురు టోర్విక్ పిల్ల. ఇక్కడే చదువుతుంది. ఈ జిమ్‌లోనే పట్టా తీసుకుని, ఈ కప్పు కిందే టోపీ ఎగరేస్తుంది!"

జిమ్ దద్దరిల్లింది. చెక్క మెట్ల మీద బూట్లతో దబదబా తొక్కారు. ముందు వరుసలో ఓర్విల్ ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. మెడ తిప్పి వెనక రెండో వరుస వైపు చూస్తున్నాడు. డేల్ కూడా అటే చూశాడు. బ్రిట్టా నేలవైపు చూస్తోంది.

ట్రక్కులో ఇంటికి వెళ్తూ ఊరి ధాన్యపు గోదాము దాటారు.

"నవంబరు దాకా అన్నావు," అంది బ్రిట్టా.

"అక్కడ అంతమంది ముందు ఏం చెప్పను తల్లీ?"

"నన్ను అడగొచ్చుగా. నేను అక్కడే ఉన్నాగా."

డేల్ గేరు మార్చాడు. "ముందు గెలవనీ. తర్వాత అంతా సర్దుతా" అన్నాడు. బ్రిట్టా కిటికీ వైపు తిరిగి కూచుంది. ఇల్లు చేరాక తలుపు గట్టిగా వేసినా బాగుండేది. మెల్లగా వేసి లోపలికి వెళ్లిపోయింది.

డేల్ గెలిచాడు. బాగానే గెలిచాడు. హాల్లో జనం అతని వీపు చరిచి చరిచి నొప్పి పుట్టించారు. ఆ తర్వాత బోర్డు సమావేశాలు మొదలయ్యాయి. బడి లైబ్రరీలో, చిన్నపిల్లల కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూచుని జరిపేవాళ్లు. ఎడారిలో ట్రక్కుల బారును నడిపించుకొచ్చిన మనిషి ఆ పొట్టి కుర్చీలో కూచుని, బ్యాండు టీచరు సంగతేంటని ప్రతిసారీ అడిగాడు. ప్రతిసారీ ఒకటే జవాబు, "వచ్చే సమావేశంలో చూద్దాం." ఒకతను వచ్చి గది చూశాడు, పరుపులు చూశాడు, సగం పూట ఉద్యోగమని విని కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. డేల్‌కు అప్పుడు తెలిసింది, తను కూతురికిచ్చిన మాట తన చేతిలో ఉన్నదే కాదని.

జనవరిలో, పక్క ఊరి బడికి మారేవాళ్లకు గడువు ముగిసే ముందు, అతను ఆమె గది గుమ్మంలో నిలబడ్డాడు.

"హార్లోకి వెళ్తావా? ఎవరేమనుకున్నా సరే. నేను చూసుకుంటా."

బ్రిట్టా లెక్కలు చేస్తోంది. తలెత్తింది. "అక్కర్లేదు నాన్నా."

"కోపమా?"

"కోపమేం లేదు. ఆ కుర్చీ వేరే అమ్మాయికి ఇచ్చేశారు. అయినా నువ్వు అందరి ముందూ మాటిచ్చావుగా. మాటంటే మాటే అని నువ్వే చెప్తావు."

ఎత్తిపొడుస్తోందేమోనని డేల్ ఆమె మొహం వెతికాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అంటోంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

అప్పుడు కిందికి వెళ్లి చూశాడు. వాషింగ్ మెషీన్ పక్కన కుర్చీ లేదు. ట్రంపెట్ పెట్టె మెట్ల కింద ఉంది, దాని మీద క్రిస్మస్ దీపాల అట్టపెట్టె ఉంది. ఏ రోజున ఆగిపోయింది? డిసెంబరులోనా, అంతకు ముందేనా? అతనికి తెలియదు. ఇరాక్‌లో ముందు వెళ్లే ట్రక్కు ఇంజను చప్పుడు కాస్త మారితే నిద్రలోంచి లేచి కూచునేవాడు. సొంత ఇంట్లో కాళ్ల కింద ట్రంపెట్ ఆగిపోతే పసిగట్టలేకపోయాడు. అతన్ని ఎక్కువగా తినేసే సంగతి ఇదే.

ఆ ఏడాదీ ముసలి సైనికులు పోతూనే ఉన్నారు. బ్రిట్టా కిరాణా షాపులో పనికి కుదిరింది. సరిగ్గా అంత్యక్రియల వేళకే ఆమెకు పని పడేది. అలమరలోంచి డబ్బా బ్యూగిల్ మళ్లీ బయటికొచ్చింది. దళంలో ఒకతను దాన్ని పట్టుకుని బుగ్గలు పొంగించేవాడు. మిగతావాళ్లు వేరేవైపు చూసేవాళ్లు.

"పిల్ల ఏదిరా?" అని ఓర్విల్ ఒకసారి అడిగేశాడు, పెట్రోలు బంకు బల్ల దగ్గర.

"పనుందంది సార్జంట్."

"దానికి పనుందో, నీకు మొహం చెల్లడం లేదో." ఓర్విల్ కప్పు కింద పెట్టాడు. "ఎవర్నీ వెనక వదలం అన్నావు చూడు ఆ రోజు, అప్పుడు నేను దాని మొహం చూశా. నువ్వు చూశావా?"

అబద్ధం చెబితే సరిపోయేది. "చూశాను" అన్నాడు డేల్.

"చూసీ అన్నావా." ముసలాయన ఫ్లాస్కు తీసి డేల్ కప్పు నింపాడు. "నేను పోయినప్పుడు ఆ డబ్బాగాడు నా దగ్గరికి రాకూడదు. పిల్లే వాయించాలి. పైన పగిలినా సరే. అలా పగలకపోతే అది నాకోసం వాయించినట్టే కాదు. చెప్పు దానికి."

డేల్ తలూపాడు. ఆ మాట బ్రిట్టాకు చెప్పడానికి మంచి సమయం కోసం చూస్తూ నెలలు గడిపేశాడు.

రెండో చలికాలం వచ్చింది. బ్రిట్టాకు అది బడిలో ఆఖరి ఏడాది. కింది తరగతి పిల్లలంతా కలిసి ఒక్క వ్యానులో పట్టేస్తారు. డిసెంబరు సమావేశంలో, వచ్చే ఏడాది నుంచి పెద్ద తరగతుల్ని హార్లోలో కలపాలన్న తీర్మానం మళ్లీ వచ్చింది. చేతులెత్తమన్నారు. డేల్ పొట్టి కుర్చీలో కూచుని పరుపుల గది గురించి, ఖాళీగా ఉన్న బల్లల గురించి ఆలోచించాడు. చెయ్యెత్తాడు. నోరా ఎల్స్‌టాడ్ ఆ సాయంత్రం వినడానికి వచ్చి గోడ పక్కన కూచుంది. గెలిచానన్న కళ ఆమె మొహంలో లేదు. లేచి వెళ్తూ అతని భుజం తట్టింది. అంతకంటే నాలుగు తిట్టినా భరించేవాడు.

ఇంటికెళ్లి బ్రిట్టాకు తనే చెప్పాడు. ఆమె వంటింట్లో నిలబడే సీరియల్ తింటోంది.

"మంచి పని చేశావు నాన్నా," అంది. "కింది తరగతిలో క్లారినెట్ వాయించే పిల్ల ఉంది. దానికి బాగుంటుంది."

అంతే అంది. గిన్నె కడిగి పైకి వెళ్లిపోయింది. డేల్ గరాజులోకి వెళ్లి, అక్కడ చేసే పనేమీ లేక, ట్రక్కు మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఆ ఒక్క ఏడాది కోసం, ఎటూ నిలవని దానికోసం, ఆ పిల్ల దగ్గర ఉన్నదంతా తీసుకున్నాడు. మళ్లీ ఇవ్వడానికి అతని దగ్గర ఏమీ లేదు.

ఫిబ్రవరిలో ఓర్విల్ పోయాడు. ఆవుల కొట్టంలోకి వెళ్తూ మంచులో కూలబడ్డాడు. పోనీ, అతనికి ఇష్టమైన చోటే.

ఆయన కోరిక డేల్ అప్పుడు చెప్పాడు. బ్రిట్టా అతను భయపడినట్టు మొహం తిప్పుకోలేదు. "ముందే ఎందుకు చెప్పలేదు?" అని మాత్రం అంది. వెంటనే "ఓర్విల్ తాతకి నేనే వాయిస్తా" అని కిందికి దిగింది. దీపాల పెట్టె పక్కకు జరిపిన చప్పుడు, తాళాల క్లిప్పులు తీసిన చప్పుడు పైకి వినబడ్డాయి. మార్లా చేతిలో ఉన్న తువ్వాలు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

గాలి వచ్చింది. పాట రాలేదు. మొదటి స్వరం వణికి, రెండోది అందీ అందక జారిపోయింది. మళ్లీ మొదలెట్టింది. మళ్లీ. మర్నాడు బడి నుంచి రాగానే కూచుంది, ఆ మర్నాడూ కూచుంది. అంత్యక్రియల ముందు సాయంత్రం మెట్లెక్కి పైకొచ్చేసరికి పెదాల మీద ఎర్రటి వలయం, కళ్లనిండా నీళ్లు. ఈ ఏడాదిన్నరలో ఆమె ఏడవడం డేల్ అప్పుడే చూశాడు.

"రావట్లేదు నాన్నా. పైస్వరం సంగతి వదిలెయ్. కిందివే నిలవట్లేదు. పెదాల్లో బలం పోయింది. ఓర్విల్ తాత దగ్గర ఇలా ఊదలేను."

"పర్లేదు తల్లీ..."

"పర్లేదు అనకు!" అని అరిచింది. "పర్లేదు అని ఎప్పుడూ అనకు."

మార్లా పిల్లను దగ్గరికి తీసుకుంది. డేల్ వాళ్లకు దూరంగా, గోడకు కొట్టిన మేకులా నిలబడ్డాడు.

మర్నాడు శ్మశానంలో గాలి కోసేస్తోంది. ఎప్పుడూ డబ్బా పట్టుకునే అతను మోకాలి ఆపరేషనై మంచంలో ఉన్నాడు. ఓర్విల్ తర్వాత దళానికి పెద్దెవరంటే అందరూ డేల్ వైపే చూశారు. అలా ఆ డబ్బా అతని చేతికొచ్చింది. ముసలాయన ఇంత స్పష్టంగా వద్దన్న వస్తువును ఆయన పెట్టె పక్కనే పట్టుకుని నిలబడ్డాడు. ఎడమ చెయ్యి అలవాటుగా కోటు జేబులోకి పోయి పిడికిలి బిగించుకుంది. అందులో వెచ్చబెట్టడానికి ఏమీ లేదు.

తుపాకులు పేలాయి. పొగ గాలికి చెదిరింది. డేల్ బ్యూగిల్ పెదాలకు ఆనించి బటన్ నొక్కాడు.

పాట వచ్చింది. ఒక్క తప్పు లేదు. ఎక్కడో వెచ్చటి గదిలో ఎవరో గొప్ప వాద్యకారుడు వాయించినది. డేల్ బుగ్గలు పొంగించి, ఊరందరి ముందూ, తనది కాని ఊపిరితో నిలబడ్డాడు. పైస్వరం గాజులా నున్నగా వెళ్లిపోయింది. అక్కడ ఎవరూ ఏడవలేదు.

అయిపోయాక ఓర్విల్ చెల్లెలు వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. దూరం ఊరినుంచి వచ్చిన మనిషి. "ఎంత బాగా ఊదావయ్యా! మా అన్నయ్య ఎంత సంతోషించేవాడో." జనం కాఫీ కోసం చర్చి వైపు కదిలారు. మార్లా వాళ్లతో వెళ్లింది. బ్రిట్టా మాత్రం వెళ్లలేదు. దగ్గరికి వచ్చి, అతని చేతిలోని డబ్బా తీసుకుని, అతను ఆపడం మర్చిపోయిన బటన్ ఆపింది.

"నిన్ను అడగాల్సింది తల్లీ," అన్నాడు డేల్. ఏ రోజు సంగతో చెప్పనక్కర్లేకపోయింది. "మైకు పట్టుకునే ముందు నిన్ను అడగాల్సింది."

"అవును నాన్నా," అంది బ్రిట్టా. "నేను అక్కడే ఉన్నాగా."

క్షమించానని అనలేదు. డేల్ అడగనూ లేదు. ఇద్దరూ కొత్త మట్టి వైపు చూస్తూ నిలబడ్డారు.

"నువ్వు ఊపిరి తీసుకోలేదు," అంది ఆమె.

"ఏంటి?"

"ఊదుతూ. పైస్వరానికి ముందు అందరూ ఊపిరి తీసుకుంటారు, భుజాలు లేస్తాయి. నీవి లేవలేదు."

"అందరికీ తెలిసిపోయిందా?"

"లేదు. నాకే తెలిసింది." డబ్బాను తిరిగి అతని చేతిలో పెట్టింది. "ఇకమీదట నువ్వేగా పట్టుకోవాలి. నేర్చుకో. ఇదిగో, ఇక్కడ."

ఆమె పెదాలు మూసి, మెల్లగా గొంతులో ఆ పాట అనడం మొదలుపెట్టింది. ఆ చోటు రాగానే ఆగి, భుజాలెత్తి, చల్లటి గాలి లోపలికి పీల్చింది. డేల్ కూడా ఆమెతోపాటే పీల్చాడు. ఆమె పైస్వరం అందుకుంది. అక్కడ ఆమె గొంతు చిన్నగా పగిలింది.